డిప్సీ డైవర్లకి రాడ్ పొడవు: 8 అడుగుల 6 అంగుళాలు చాలదా, 10 అడుగులకి వెళ్ళాలా?

గేలం_గిరి
పడవ 17 అడుగుల అల్యూమినియంది, వెడల్పు 7 అడుగులు. మిషిగన్ లేక్, గ్రాండ్ హేవెన్ వైపు, ఆగస్టులో చినూక్ సాల్మన్ కోసం. ఇద్దరం వెళ్తాం, మిషిగన్‌లో మనిషికి 3 లైన్లు కాబట్టి మొత్తం 6. రెండు డౌన్‌రిగ్గర్ల (బరువుగుండుతో లైనుని లోతుకి దించే తీగ చుట్టల) మీద, మిగతా నాలుగు డిప్సీ డైవర్లు (నడిచే పడవ వెనక లైనుని లోతుకీ పక్కకీ లాగే పళ్ళేలు), పక్కకి రెండేసి. డిప్సీ రాడ్లు నాలుగూ 8 అడుగుల 6 అంగుళాలవే, మీడియం హెవీ.

తంటాలు రెండు. ఒకే పక్కనున్న డైవర్లు రెండూ పెనవేసుకుంటున్నాయి, అదీ ముఖ్యంగా వదిలేటప్పుడు. రెండోది, చేపని దగ్గరికి లాక్కొచ్చాక డైవర్ రాడ్ టిప్‌కి (కొసకి) తగిలి ఆగిపోతుంది, చేప మాత్రం ఇంకా వలకి అందదు. షాపులో అడిగితే 10 అడుగులవి నాలుగు తీసుకోమన్నారు. నాలుగూ మార్చాలా, రెండు చాలా? అసలు ఇది పొడవు వల్ల వచ్చిన గొడవేనా?

పులుసు_పార్టీ
షాపువాడు నాలుగు కొనమనక రెండు కొనమంటాడా గురూ.

లూడింగ్టన్_లోకం
గిరీ, కార్డు గీకేముందు మూడు సంగతులు చెప్పు. రెండు డైవర్ల డయల్ ఏ నంబరు మీద ఉంది? రాడ్ హోల్డర్ ఎన్ని డిగ్రీలు పైకి లేచి ఉంది? డైవర్ నుంచి గాలం కొన వరకూ మొత్తం ఎన్ని అడుగులు, మధ్యలో ఉన్నవన్నీ కలిపి?

గేలం_గిరి
డయల్ అన్నిటికీ 2. హోల్డర్లు పడవతో వచ్చినవే, 45 డిగ్రీల్లో ఉంటాయి అనుకుంటా. డైవర్ వెనక 12 అంగుళాల రబ్బరు స్నబ్బర్ (కుదుపు ఆపే సాగే ముక్క), 7 అడుగుల ఫ్లోరోకార్బన్ దారం, 10 అంగుళాల ఫ్లాషర్ (చేపని పిలిచే మెరిసే రేకు), దాని వెనక 28 అంగుళాల్లో ఫ్లై (పోగుల ఎర).

లూడింగ్టన్_లోకం
ఇంకేం, జబ్బు దొరికింది. ఒక్కోటీ చూద్దాం.

ముందు లీడర్, అంటే డైవర్ వెనక ఎర దాకా ఉండే దారం. 1 అడుగు + 7 అడుగులు + 10 అంగుళాలు + 28 అంగుళాలు. కూడితే 11 అడుగుల 2 అంగుళాలు. డైవర్ టిప్ దగ్గర ఆగిపోయాక చేప నీకు ఇంకా 11 అడుగుల దూరంలో ఉంటుంది. నీ 8.5 అడుగుల రాడ్‌లో చేతి ముందు మిగిలేది 7 అడుగులు. రాడ్‌ని నిటారుగా ఎత్తి నువ్వు వెనక్కి వంగినా చేప పడవ పక్కకి రాదు, అంతకు ముందే ఆగిపోతుంది. వల పట్టినవాడు నీళ్ళలోకి వేలాడాల్సిందే.

సూత్రం తేలిక. డైవర్ నుంచి ఎర దాకా ఉన్న మొత్తం పొడవు రాడ్ పొడవు కంటే కనీసం ఒక అడుగు తక్కువ ఉండాలి. 8.5 రాడ్‌కి ఏడున్నర, 10 రాడ్‌కి 9. ఫ్లాషర్ ఫ్లై వాడతావు కాబట్టి నీకు 5 అడుగుల లీడర్, 8 అంగుళాల ఫ్లాషర్, 24 అంగుళాల ఫ్లై, 8 అంగుళాల స్నబ్బర్ పెట్టు. 8 అడుగుల 4 అంగుళాలు అవుతుంది. దీనికి 9.5 నుంచి 10 రాడ్ సరిగ్గా నప్పుతుంది, 8.5 మాత్రం చాలదు. ఉత్త స్పూన్ (చెంచా ఆకారపు రేకు ఎర) అయితే 6 అడుగుల లీడర్‌తో 8.5 రాడ్ హాయిగా సరిపోతుంది.

చిన్నపడవ
లీడర్ పొట్టిగా పెడితే సాల్మన్ కొట్టదంటారు కదా? డైవర్‌ని చూసి బెదురుతుందని.

లూడింగ్టన్_లోకం
ఫ్లాషర్ పెట్టిందే చేప దృష్టి పడాలని. దాని ముందు 5 అడుగుల్లో డైవర్ ఉంటే బెదిరిపోయేదేం లేదు. ఉత్త స్పూన్ విషయంలో, అదీ నీళ్ళు బాగా తేటగా ఉన్నప్పుడు, పొడవు లీడర్‌తో కాస్త తేడా ఉంటుంది. దానికీ 6 నుంచి 7 దాటక్కర్లేదు.

నిజామాబాద్_నావ
గిరి భయ్యా, రెండు డైవర్లు 2 మీదనే పెట్టినవా? ఒకే ఒరల రెండు కత్తులు ఎట్ల ఇముడుతయ్? బయటిది 3, లోపలిది 1 పెట్టు. ముందుగాల గది చెయ్, రాడ్ సంగతి తర్వాత.

ఎరీ_ఎర్రబాబు
పైన అన్న చెప్పిందానికి కాస్త వివరం, కొత్తవాళ్ళు కూడా చదువుతారు కదా. డిప్సీ కింద ఒక గుండ్రటి పళ్ళెం ఉంటుంది, దానికి ఒక పక్క బరువు. ఆ పళ్ళేన్ని తిప్పితే బరువు పక్కకి జరిగి డైవర్ ఒరుగుతుంది. 0 మీద పెడితే నేరుగా కిందికి, అన్నిటికంటే లోతుకి వెళ్తుంది. నంబరు పెరిగే కొద్దీ పక్కకి ఎక్కువ, లోతుకి తక్కువ. 3 చివరిది. పళ్ళెం మీద ఎల్, ఆర్ అని రెండు దిక్కులు ఉంటాయి. ఏ పక్క రాడ్‌కి ఆ పక్క దిక్కు పెట్టాలి. తారుమారైతే డైవర్ పడవ కిందికి దూరి అవతలి పక్కన డౌన్‌రిగ్గర్ తీగకి చుట్టుకుంటుంది.

లైను లెక్క కూడా చెప్తా, బండ లెక్కే అనుకోండి. గంటకి రెండున్నర మైళ్ళ వేగంలో 1 మీద రెండడుగుల లైనుకి ఒక అడుగు లోతు, 3 మీద మూడడుగులకి ఒక అడుగు. 60 అడుగుల్లో ఎర కావాలంటే లోపలిది 120, బయటిది 180. డైవర్ చుట్టూ పెద్ద ఓ రింగ్ (ప్లాస్టిక్ వలయం) తగిలిస్తే ఇంకా లోతుకి పోతుంది, వైరు లైను అయితే మరీను. పక్క పడవల వాళ్ళ అంకెలు మీ అంకెలతో కలవకపోతే కంగారు పడకండి.

గేలం_గిరి
అంటే రాడ్ పొడవు కాదు, సెట్టింగే కారణమా? మరి అందరూ 10 అడుగుల రాడ్ అంటారేంటి?

చిన్నపడవ
అదే నేనూ అనేది. 100 అడుగుల లైను వెళ్ళాక డైవర్ పడవకి ఎంతో దూరంలో పక్కకి ఉంటుంది. టిప్ దగ్గర అడుగున్నర పొడవు కలిపితే అక్కడ ఏం తేడా వస్తుంది? ఒట్టి ఫ్యాషన్. నా 16 అడుగుల పడవలో 8.5వే నాలుగు, సెట్టింగ్ 3, 1. చిక్కులేం లేవు.

లూడింగ్టన్_లోకం
దూరంలో తేడా రాదన్నది నిజం. కానీ తేడా కావాల్సింది పడవ దగ్గర. గిరి ఏమన్నాడో చూడు, "వదిలేటప్పుడే" అన్నాడు. లోపలి డైవర్ ఇప్పటికే 120 అడుగులు వెళ్ళి ఉంది, దాని లైను టిప్ నుంచి ఏటవాలుగా నీళ్ళలోకి దిగి ఉంటుంది. ఇప్పుడు బయటి డైవర్‌ని చేప కొట్టింది, తెచ్చావు, మళ్ళీ వదలాలి. అది టిప్ కిందే నీళ్ళలో పడి, పక్కకి ఒరగడానికి కొంత సమయం తీసుకుంటుంది. టిప్‌లు రెండూ ఒకే చోట ఉంటే ఆ కొంత సేపట్లోనే లోపలి లైనుకి రాసుకుంటుంది. బయటి రాడ్ టిప్ ఒకటిన్నర, రెండడుగులు అవతల ఉంటే, పైగా ముందు హోల్డర్‌లో ఉంటే, డైవర్ లోపలి లైనుకి ముందూ బయటా పడి అక్కడి నుంచి అవతలికే పోతుంది.

అందుకే పక్కకి రెండు డైవర్లు పెట్టేవాళ్ళంతా ముందు హోల్డర్లో 10 అడుగులది సెట్టింగ్ 3తో, వెనక హోల్డర్లో 8.5 లేదా 9ది సెట్టింగ్ 1తో పెడతారు. పక్కకి ఒకటే డైవర్ అయితే ఈ జంజాటమే లేదు, 9 అడుగుల్లో ఒక జత చాలు.

చిన్నపడవకి చిక్కు పడకపోవడానికి ఇంకో కారణం ఉండి ఉండాలి. నీ ముందు, వెనక హోల్డర్ల మధ్య దూరం ఎంత?

చిన్నపడవ
నాలుగున్నర అడుగులు.

లూడింగ్టన్_లోకం
అదీ కథ. పొడవు చేయాల్సిన పని హోల్డర్ల దూరం చేస్తోంది. గిరీ, నీది?

గేలం_గిరి
టేపు పెట్టి చూశా. 20 అంగుళాలు.

పులుసు_పార్టీ
20 అంగుళాల్లో రెండు రాడ్లా. పెళ్ళి పందిట్లో కుర్చీలు కూడా అంతకంటే దూరం వేస్తారు.

ఒంటారియో_ఓబుల్
హోల్డర్ కోణం గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదప్పా. దుడ్లు పెట్టకుండానే తీరే లోపం ఇక్కడుండాది.

8.5 రాడ్‌లో ఒకటిన్నర అడుగు హోల్డర్‌లో, దాని వెనకా పోతుంది. బయట మిగిలేది 7. హోల్డర్ 45 డిగ్రీలు పైకి లేచి ఉంటే పక్కకి అందేది 5 అడుగులే, మిగతాది ఆకాశానికి. అదే రాడ్‌ని 15 డిగ్రీలకి దించితే 6 అడుగుల 9 అంగుళాలు అందుతుంది. ఇప్పుడు 10 అడుగుల రాడ్ కొని పాత 45 డిగ్రీల హోల్డర్లోనే పెట్టావనుకో. బయట 8.5, అందేది 6. అంటే కొత్త పొడుగు రాడ్ కంటే కిందికి దించిన పాత రాడే ఎక్కువ అందుకుంటుంది!

ఇంకోటి, రాడ్ పడవకి అడ్డంగా 90 డిగ్రీల్లో ఉండాల. చాలామంది వెనక్కి వాల్చి పెడతారు, చూడ్డానికి బాగుంటుందని. వెనక్కి వాలితే పక్కకి అందడం మళ్ళీ తగ్గుతుంది. డైవర్లకని అమ్మే హోల్డర్లు పళ్ళ చక్రంతో ఉంటాయి, కోణం మార్చుకోవచ్చు. మరీ నీళ్ళకి సమానంగా పెట్టొద్దు, పడవ ఊగినప్పుడు టిప్ అలలో మునిగి రాడ్ విరుగుతుంది. ముందుది 15, వెనకది 25 నుంచి 30 డిగ్రీలు. అలలు మూడడుగులు దాటితే రెండింటినీ పదేసి డిగ్రీలు లేపు.

నిజామాబాద్_నావ
ఓబుల్ అన్న లెక్క సూపర్. ఇంకో ముచ్చట. వెనక రాడ్ జర ఎక్కువ లేపి పెడితే, ముందు రాడ్ చేపని దాని కింది నుంచి కాదు, దాని వెనకకెళ్ళి పట్టుకస్తం. రాడ్‌ని తీసి వెనక రాడ్ పైనుంచి దాటించుడు మర్వద్దు. బయటి డైవర్ పైన నడుస్తది కాబట్టి దాని చేప లోపలి లైను మీదికెళ్ళి దాటి పడవ వెనకకొస్తది. లోపలి డైవర్ చేప సీదా కిందికెళ్ళే వస్తది. రెండు తోవలు కలవవు.

వైరు_సుబ్బు
అందరూ పొడవు మీదే పడ్డారు, గట్టిదనం సంగతో? డిప్సీ లాగే లాగుడు మామూలుగా ఉండదు, అందులో పెద్ద సైజుకి ఓ రింగ్ తగిలిస్తే మరీ. 10 అడుగుల 6 అంగుళాల మెత్తటి రాడ్ కొని పెద్ద డైవర్ తగిలిస్తే ఏమవుతుంది? రాడ్ సగం నుంచి వెనక్కి కొడవలిలా వంగుతుంది. టిప్ పక్కకి కాకుండా పడవ వెనక వైపు చూస్తుంది. రాడ్ మీద రాసింది పదిన్నర, పక్కకి అందేది ఏడు. డబ్బు దండగ.

పొడవు పెరిగే కొద్దీ పవర్ కూడా పెరగాలి. 8.5కి మీడియం సరిపోవచ్చు, 10కి మీడియం హెవీ ఉండాల్సిందే. యాక్షన్ (రాడ్ వంగే తీరు) మాత్రం మోడరేట్, అంటే నడుము దాకా వంగేది. గ్లాసు గానీ గ్లాసు గ్రాఫైట్ కలిపినవి గానీ. ఫాస్ట్ యాక్షన్ (కొస మాత్రమే వంగే) గ్రాఫైట్ రాడ్, సాగని లైను, పట్టి లాగే డైవర్... ఈ మూడూ కలిశాయంటే చేప కొట్టిన మొదటి గుంజుకే నోరు చీరి కొక్కెం ఊడొస్తుంది.

చిన్నపడవ
అందుకే కదా స్నబ్బర్.

వైరు_సుబ్బు
స్నబ్బర్ సాయం చేస్తుంది, కాదనను. కానీ అది 8 అంగుళాలు పెడితే నీ లీడర్ లెక్కలో 8 అంగుళాలు పోయినట్టే, పైగా గట్టిగా లాగితే సాగి ఇంకో ముప్పావు అడుగు. వల దగ్గర అదంతా నీకు నష్టం. పొడుగ్గా వంగే రాడ్ ఉంటే స్నబ్బర్ తీసేయొచ్చు. బ్రెయిడ్ (సాగని అల్లిక లైను) మీద మాత్రం డ్రాగ్ (రీలు బిగువు) వదులుగా పెట్టు, డైవర్ బరువుకి జారకుండా, గట్టి గుంజుకి జారేలా.

ఎరీ_ఎర్రబాబు
ఎరీ లేక్‌లో వాలై పట్టేవాళ్ళకి ఈ 10 అడుగుల గోల పెద్దగా అక్కర్లేదు. చేప 3 నుంచి 8 పౌండ్లు, డైవర్ చిన్నది, వేగం గంటకి 1.8 నుంచి 2.2 మైళ్ళు. 8.5 మీడియం, 6 అడుగుల లీడర్, చిన్న స్పూన్. వాలై నోరు పల్చన, గట్టి రాడ్ అయితే నష్టమే. జూన్ తర్వాత సెంట్రల్ బేసిన్‌లో (లేక్ నడిమి భాగంలో) వాలై నీళ్ళ మధ్యలో తేలుతుంటుంది, డైవర్లకి అది మంచి కాలం.

వాలై పులుసుకి భేషుగ్గా ఉంటుందని పార్టీ గారికి మనవి. ముల్లు తక్కువ, ముక్క చెదరదు.

పులుసు_పార్టీ
సాల్మన్ పులుసు పెట్టి చూశాం. నూనె పైకి తేలి, చింతపండు ఎక్కడో, చేప ఎక్కడో. పులసకి పెట్టినట్టు దానికి పెట్టకూడదు. వాలైకి నా ఓటు. ఇక మీరు రాడ్ల సంగతి చూడండి.

గేలం_గిరి
వైరు అంటున్నారు, నా నాలుగు రీళ్ళలోనూ 40 పౌండ్ల బ్రెయిడే. లోపలివాటికి వైరు వేయాలా?

వైరు_సుబ్బు
వేస్తే మంచిదే. లోపలి డైవర్ లోతుకి పోవాలి, వైరు బరువుకి, సన్నదనానికి అదే సాయం. 7 పోగుల స్టెయిన్‌లెస్ వైరు, 30 పౌండ్లది, రీలుకి 1000 అడుగులు. అయితే మామూలు రాడ్ గైడ్ల (లైను దూరే ఉంగరాల) మీద వైరు వేయకు. టిప్ దగ్గర వైరు కోసుకుంటూ గాడి పెడుతుంది, ఆ గాడిలో వైరు పోగులు తెగుతాయి. టిప్ తీసేసి ట్విలీ టిప్ అని స్ప్రింగు లాంటిది ఉంటుంది, అది అంటించాలి. పాత టిప్‌ని లైటర్‌తో కాస్త వేడి చేస్తే జిగురు కరిగి ఊడొస్తుంది. టిప్ జిగురు కాస్త వేడిచేసి స్ప్రింగుని ఎక్కించి, గైడ్లకి వరసగా చూసి చల్లారనివ్వాలి. లేదంటే రోలర్ గైడ్ల రాడ్.

వైరుకి పడని పని ఒకటే, వదులు. డైవర్‌ని వదిలేటప్పుడు స్పూల్ మీద బొటనవేలు తీయకూడదు. ఒక్కసారి వదులై స్పూల్ గిర్రున తిరిగిందా, వైరు ఉంగరాలు చుట్టుకుని మెలిక పడుతుంది. మెలిక పడ్డ చోట తీసి సాగదీసినా లాభం లేదు, అక్కడే తెగుతుంది. కోసేసి మళ్ళీ కట్టుకో.

ఒంటారియో_ఓబుల్
బ్రెయిడ్ వాడేవాళ్ళకి ఆగస్టులో ఇంకో తలనొప్పి, నీటి ఈగలు. గుండుసూది తోకల పురుగులు, మా ఒంటారియో లేక్‌లో 1998లో కనపడిన రకం ఒకటి మరీ ఎక్కువ. బ్రెయిడ్‌కి దూది పింజలాగా చుట్టుకుని టిప్ దగ్గరికొచ్చి ముద్దైపోతాయి. డైవర్ ఇంకా 40 అడుగులు ఉండగానే రీలు తిరగనంటుంది. సన్నటి టిప్ గైడ్ ఉన్న రాడ్ అయితే ఇంక చెప్పక్కర్లేదు. లైను ఎక్కించుకుంటూ రాడ్ టిప్‌ని నీళ్ళలో ముంచి ఆడిస్తే కొంత రాలిపోతాయి. ఈగలు ఎక్కువైన వారాల్లో లావుపాటి మోనో (ఒంటిపోగు నైలాన్ లైను) వేసుకునేవాళ్ళూ ఉండారు. రాడ్ కొనేటప్పుడు టిప్ గైడ్ బొక్క పెద్దదిగా ఉందా చూడండి, ఎవరూ చూడరు దీన్ని.

నిజామాబాద్_నావ
ట్రిప్ స్క్రూ, గదే గుంజితే డైవర్ విడిపోయే బిగువు పెట్టే స్క్రూ, దాని గురించి ఎవరూ చెప్పరేంది? గిరి భయ్యా, పొడుగు రాడ్ కొన్నంక స్క్రూ మళ్ళ సెట్ చేసుకోవాలె. 8.5కి సెట్ చేసిన బిగువు 10కి పనిచెయ్యదు.

గేలం_గిరి
ఎందుకు పనిచెయ్యదు?

లూడింగ్టన్_లోకం
చేప లేకుండా లైను లోపలికి తేవాలంటే రాడ్‌ని ఒక్క గుంజు గుంజాలి. ముక్కు దగ్గరున్న చేయి విడిపోయి డైవర్ చదునుగా పడితే తేలిగ్గా వస్తుంది. పొడుగు రాడ్ మోడరేట్ యాక్షన్‌ది అయితే ఆ గుంజుడు సగం రాడే మింగేస్తుంది. నువ్వు పైకి లాగుతావు, టిప్ వంగుతుంది, డైవర్‌కి తెలియను కూడా తెలియదు. అప్పుడు విడిపించకుండానే 150 అడుగుల నుంచి లాక్కురావాలి, భుజాలు ఊడతాయి. రాడ్‌ని లైను వైపు దించి రెండు మూడు చుట్లు వేగంగా తిప్పి, అప్పుడు గట్టిగా వెనక్కి గుంజితే విడిపోతుంది. అలా రెండుసార్లు చేసినా విడిపోకపోతే స్క్రూ బిగువు ఎక్కువ.

సెట్ చేసే పద్ధతి: పడవ చేపల వేగంలో నడుస్తుండగా డైవర్‌ని 15 అడుగులు వదులు. నీళ్ళు తేటగా ఉంటే కనపడుతుంది, అది ముక్కు కిందికి పెట్టి పోతూ ఉంటుంది. ఒక్క గుంజుకి విడిపోవాలి. విడిపోకపోతే స్క్రూ పావు చుట్టు వదులు చెయ్యి, మళ్ళీ చూడు. దానంతట అదే విడిపోతుంటే పావు చుట్టు బిగించు. ఓ రింగ్ తగిలిస్తే లాగుడు పెరుగుతుంది, మళ్ళీ కొంచెం బిగించాలి. అలలున్న రోజు మాటిమాటికీ విడిపోతుంటే స్క్రూ కాదు, హోల్డర్ ఎత్తు తప్పు కావచ్చు. పడవ పక్కకి ఒరిగినప్పుడు నిలబెట్టిన గట్టి రాడ్ లైనుని కుదుపుతుంది.

విశాఖ_వల
మా దగ్గర వైజాగ్ సముద్రంలో వంజరానికి ఈ డిప్సీ పనికొస్తుందా? ఇక్కడ ఎవరూ వాడగా చూళ్ళేదు.

ఎరీ_ఎర్రబాబు
వేగం పడదండి. సముద్రంలో వంజరానికి, ట్యూనాకి ఎరని గంటకి 5, 6 మైళ్ళకి పైనే లాగుతారు కదా. ఈ డైవర్ ఒకటిన్నర నుంచి మూడు మైళ్ళకి చేసింది. దాటితే తిరగబడుతుంది, లేదా దానంతటదే విడిపోతుంది. సముద్రానికి ఇనుప రేకు ప్లానర్లు వేరే ఉంటాయి, అవి గట్టి లైనుకి కట్టి వాడతారు. దానికి ఈ పొడుగు మెత్తటి రాడ్ కూడా పనికిరాదు, పొట్టి గట్టి రాడ్ ఉండాలి.

చిన్నపడవ
పొడుగు లీడర్ కావాలి, పొడుగు రాడ్ వద్దు అనుకునేవాళ్ళకి దారి ఉంది కదా. స్లైడ్ డైవర్. లైను దాని లోపల నుంచి పోతుంది, లీడర్ 15 అడుగులు పెట్టినా సరే. చేప కొట్టగానే విడిపోయి లైను మీద జారుకుంటూ ఎర ముందున్న పూస దగ్గరకి చేరిపోతుంది. అప్పుడు చేపని రాడ్ టిప్ వరకూ రీలు చేసుకోవచ్చు. నేను 8.5 మీదే ఉండటానికి అదీ ఒక కారణం. నా పడవకి గుడ్డ కప్పు ఉంది, 10 అడుగుల రాడ్ ఎత్తితే కప్పుకి కొట్టుకుంటుంది.

లూడింగ్టన్_లోకం
ఇది ఒప్పుకోవాల్సిన మాట. కప్పున్న పడవకి 10 అడుగుల రాడ్ అడ్డే. వల వేసే సమయంలో రాడ్‌ని పైకీ వెనక్కీ ఎత్తాలి, పైకి చోటు లేకపోతే పక్కకి వంచి చేపని తేవాలి, అప్పుడు పక్క రాడ్ల లైన్ల మీద పడతావు. కప్పున్నవాళ్ళు 8.5 నుంచి 9 రాడ్, పొట్టి లీడర్. లేదంటే నువ్వన్న స్లైడ్ డైవర్.

పూస అంటే గుర్తొచ్చింది. మామూలు డిప్సీలో కూడా లైను చివరి స్వివెల్ (గిర్రున తిరిగే కొలికి) ముందు ఒక 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పూస ఎక్కించుకోండి. హడావుడిలో డైవర్‌ని టిప్‌లోకి లాగేస్తారు, స్వివెల్ టిప్ గైడ్‌లో ఇరుక్కుని పింగాణీ రింగు పగులుతుంది. పగిలిన రింగు బ్రెయిడ్‌ని కత్తిలా కోస్తుంది, ఆ పగులు కంటికి కనపడదు కూడా. పాత మేజోడు ముక్క టిప్‌లో దూర్చి లాగితే దారం తట్టుకుంటుంది, అదే గుర్తు.

పులుసు_పార్టీ
చిరిగిన సాక్సులు దాచుకోవడానికి ఇన్నాళ్ళకి ఒక కారణం దొరికింది. ఇంట్లో చూపిస్తా ఈ పోస్టు.

గేలం_గిరి
లైన్ కౌంటర్ (ఎంత లైను పోయిందో చూపే రీలు మీటరు) గురించి ఒక్క ప్రశ్న. ఎడమ, కుడి ఒకే అంకె మీద పెట్టినా ఒక పక్కే చేపలు కొడుతున్నాయి.

వైరు_సుబ్బు
రెండు రీళ్ళలో స్పూల్ సమానంగా నిండి ఉందా చూడు. కౌంటర్ లెక్కపెట్టేది అడుగుల్ని కాదు, స్పూల్ ఎన్నిసార్లు తిరిగిందో. స్పూల్ నిండుగా ఉంటే ఒక చుట్టుకి ఎక్కువ లైను పోతుంది, సగం ఖాళీ అయితే తక్కువ. తెగిన లైను తీసేస్తూ తీసేస్తూ ఒక రీలు చిక్కిపోయి ఉంటే, అది 150 అని చూపించినా బయటికి పోయింది 120 కావచ్చు. గడ్డి మీద టేపుతో 100 అడుగులు కొలిచి లైను లాగి చూడు. తేడా వస్తే అడుగున చవక మోనో చుట్టి స్పూల్ నింపు, పైన బ్రెయిడ్.

గేలం_గిరి
సరే, నాకు అర్థమైంది ఇదీ. హోల్డర్లు మార్చి ముందుది 15, వెనకది 30 డిగ్రీలు. వాటి మధ్య దూరం 20 నుంచి 40 అంగుళాలకి పెంచుతా, పట్టాల మీద జరిపే రకం పెడితే రంధ్రాలు కొత్తగా వేయక్కర్లేదు. ముందువాటికి 10 అడుగుల మీడియం హెవీ మోడరేట్ రాడ్లు రెండు, సెట్టింగ్ 3. వెనకవి పాత 8.5, సెట్టింగ్ 1, ఉత్త స్పూన్, 6 అడుగుల లీడర్. ఫ్లాషర్ ఫ్లై ముందు రాడ్లకి మాత్రమే. సరిపోయిందా?

లూడింగ్టన్_లోకం
ఒకటి ఆలోచించు. ఫ్లాషర్ ఫ్లైని ముందు రాడ్లకి పెట్టడం లీడర్ లెక్కకి సరిపోతుంది, కానీ ఎండ ఎక్కాక చినూక్ లోతుకి దిగుతుంది, ఫ్లాషర్ లోతులో బాగా పనిచేస్తుంది. లోతున ఉండేది వెనక డైవర్. అందుకని వెనకవాటికే ఫ్లాషర్ కావాలనిపిస్తుంది, అప్పుడు వెనకవి కూడా 9 అయితే నయం. ఈ సీజన్‌కి నువ్వన్నట్టే నడిపించు. తర్వాత వెనకవాటికి వైరు వేసే ఆలోచన ఉంటే అప్పుడే 9 అడుగుల వైరు రాడ్లు రెండు తీసుకో, రెండు ఖర్చులు ఒకటవుతాయి.

నిజామాబాద్_నావ
10 అడుగులవి కొనేముందు కారు డిక్కీ కొలుచుకో భయ్యా. రెండు ముక్కలది అయితే ఒక్కోటి 5 అడుగులు, పడతది. కొన్ని పిడి లోపలికి జారే రకం ఉంటయి, అవి 8 అడుగుల దాక మాత్రమే తగ్గుతయి. సెడాన్‌ల పడది.

గేలం_గిరి
సెడానే. రెండు ముక్కలదే తీసుకుంటా. జాయింటు దగ్గర వైరు వేస్తే తిరిగిపోతుందా?

వైరు_సుబ్బు
నువ్వు ముందువాటికి బ్రెయిడ్ వేస్తున్నావు కదా, బాధ లేదు. జాయింటుకి కొంచెం కొవ్వొత్తి మైనం రాసి, గైడ్లు వరసకి పావు చుట్టు అవతల పెట్టి దూర్చి, తిప్పుతూ వరసకి తెచ్చుకో. రోజుకి రెండుసార్లు పట్టి చూడు. డైవర్ లాగుడు ఎప్పుడూ ఒక పక్కకే కాబట్టి పై ముక్క మెల్లగా తిరుగుతుంది.

పులుసు_పార్టీ
పాత 8.5లు రెండు మిగులుతాయి కదా గిరీ, అమ్మితే చెప్పు. వాలై కోసం.